నల్ల బ్యాడ్జీ బరువు

మణుగూరు సింగరేణి గనుల్లో హెల్మెట్, బూట్లు లేనిదే డ్యూటీకి దిగనివ్వరు. అది ప్రాణాలకు సంబంధించిన నియమం. నిరసన రోజున చొక్కాకు పెట్టుకునే నల్ల బ్యాడ్జీ మాత్రం కార్మికుడి సొంత మాట. మస్టర్ పోదు, బొగ్గు ఆగదు, కోపం మాత్రం యాజమాన్యం కంట్లో పడుతుంది.

ఆ గుడ్డముక్కకు అంత బరువు ఎక్కణ్ణుంచి వచ్చింది? 1998 నుంచి సింగరేణి కార్మికులు రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకుంటున్నారు. 2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైతే పనే ఆపేశారు. బొగ్గు అందక కరెంటు కోతలు పెరిగాయి. బ్యాడ్జీ వెనక సమ్మె ఉంటుందని అందరికీ తెలుసు.

మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులకి జీన్స్‌తో వెళ్లొచ్చు, చెప్పులతోనూ వెళ్లొచ్చు. ఐడీ కార్డు పక్కన నల్ల బ్యాడ్జీ పెట్టాలంటే మాత్రం చుట్టూ చూస్తాం. బట్టల స్వేచ్ఛ మాకుంది. వెనక నిలబడే సంఘమే లేదు.