వలందుల దేశంలో సంకీర్ణ ప్రభుత్వాలు – జనాకర్షక పార్టీలు

మన బందరు పట్నంలో వలందపాలెం అని ఒక పేట వున్నది. వలందులంటే హాలండువాళ్ళు, డచ్చివారు. పదిహేడో శతాబ్దం మొదట్లో గోలకొండ సుల్తానుల అనుమతితో బందరులో కొఠీ పెట్టుకుని, అద్దకం బట్టలు కొని ఓడల కెక్కించుకుపోయినవాళ్ళు. వాళ్ళ పేరు మన వూళ్ళో మిగిలిందిగాని, వాళ్ళ దేశం సంగతులు మనలో చాలామందికి తెలియవు. 2023 నవంబరులో ఆ దేశం ఒక్కసారిగా వార్తల్లోకి వచ్చింది. ఇస్లామిక్ పాఠశాలలు వద్దు, ఖురాను వద్దు, మసీదులు వద్దు అని మ్యానిఫెస్టోలో రాసుకున్న పార్టీ పార్లమెంటు యెన్నికల్లో మొదటి స్థానానికి వచ్చింది. ఇక అక్కడి ముస్లిముల గతి యేమిటని మనవాళ్ళు కంగారుపడ్డారు. కంగారు సహజమే. అయితే జవాబు ఆ పార్టీ బలంలో కంటే, ఆ దేశంలో ప్రభుత్వాలు కట్టే తీరులో యెక్కువగా వున్నది. అందుకని కాస్త వెనక్కి వెళ్ళి చూద్దాం.

మనవైపు నియోజకవర్గంలో యెవరికి ఒక్క ఓటు యెక్కువ వస్తే సీటు వారిదే. అక్కడ అట్లా కాదు. దేశం మొత్తం ఒకే నియోజకవర్గం. కింది సభలో 150 సీట్లు. పార్టీకి నూటికి పది ఓట్లు వస్తే పదిహేను సీట్లు, అంతే లెక్క. దీన్నే దామాషా పద్ధతి అంటారు. 2023లో సుమారు 70 వేల ఓట్లు తెచ్చుకుంటే ఒక సీటు దక్కింది. కాబట్టి చిన్నపార్టీ కూడా సభలో కాలు పెట్టవచ్చు. 2021 యెన్నికల్లో ఏకంగా 17 పార్టీలు గెలిచాయి. ప్రభుత్వం నిలబడాలంటే మాత్రం 76 మంది కావాలి. యీ పద్ధతిలో మొదటి యెన్నిక 1918లో జరిగింది. అప్పటినుంచి యే ఒక్క పార్టీకీ సొంతంగా మెజారిటీ రాలేదు. మనం వెటకారంగా కిచిడీ సర్కారు అంటామే, వాళ్ళకు నూరేళ్ళకు పైగా అదే రోజువారీ భోజనం.

యెన్నికలయ్యాక పెళ్ళిళ్ళ పేరయ్య లాంటి పెద్దమనిషిని ఒకరిని నియమిస్తారు. ఆయన ఆ పార్టీ దగ్గరకూ యీ పార్టీ దగ్గరకూ తిరిగి, యెవరికి యెవరితో పొసగుతుందో చూసి సంబంధం కుదర్చాలి. 1977లో యీ బేరాలకు 208 రోజులు పట్టింది. 2021 యెన్నికల తర్వాత 299 రోజులు. అన్నాళ్ళూ పాత మంత్రులే ఆపద్ధర్మంగా కూర్చుంటారు, రైళ్ళు నడుస్తూనే వుంటాయి.

యీ పద్ధతి యెట్లా పుట్టిందో మనం ప్రత్యేకంగా తెలుసుకోవాలి. పంతొమ్మిదో శతాబ్దమంతా ఆ దేశంలో బడుల తగాదా నడిచింది. కాథలిక్కులు, పట్టుదలగల ప్రొటెస్టెంట్లు తమ పిల్లలకు తమ మతం బడులే కావాలన్నారు, వాటికి సర్కారు డబ్బు ఇమ్మన్నారు. మరోవైపు సోషలిస్టులు, లిబరల్సులో చాలామంది మగవాళ్ళందరికీ ఓటు హక్కు కావాలన్నారు. 1917లో రాజ్యాంగం సవరించి రెండూ ఒకేసారి ఇచ్చారు. మతం బడికీ సర్కారు బడితో సమానంగా డబ్బు వచ్చింది, అందరు మగవాళ్ళకూ ఓటు వచ్చింది, దామాషా పద్ధతీ దానితోనే వచ్చింది.

ఆ కట్టడి చేసినవాళ్ళ మనసులో ముస్లిములు లేనే లేరు. తర్వాత 1960, 70 దశకాల్లో తుర్కీనుంచి, మొరాకోనుంచి కార్మికులు వెళ్ళారు. 1975లో సురినాంకు స్వాతంత్ర్యం వచ్చినప్పుడు అక్కడివాళ్ళు వేలాదిగా వచ్చారు. వారిలో 1873 తర్వాత మన దేశంనుంచి కూలికి వెళ్ళినవాళ్ళ సంతతివారు, వాళ్ళలో ముస్లిములూ వున్నారు. వీరంతా స్థిరపడ్డాక 1988లో అదే పాత నిబంధన పట్టుకుని, సర్కారు ఖర్చుతో మొదటి ఇస్లామిక్ ప్రాథమిక పాఠశాలలు తెరిచారు. చూడండి, ఏ సవరణ మనవాళ్ళకు బడి ఇచ్చిందో ఆ సవరణే మనవాళ్ళను వెళ్ళగొట్టాలనేవారికీ సభలో సీటు ఇచ్చింది. ఒకటి వుంచుకుని రెండోది తీసెయ్యమంటే కుదరదు. చిన్నపార్టీలకు తలుపు మూసేస్తే ముందు ఇరుక్కునేది చిన్నవాళ్ళమే కదా అని మా అభిప్రాయం.

చాలాకాలం డచ్చి సమాజం నాలుగు స్తంభాలమీద నిలబడింది. కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు, సోషలిస్టులు, లిబరల్సు. యెవరి బడి వారిది, యెవరి పత్రిక, యెవరి కార్మిక సంఘం వారిది. కింద జనం కలిసేవారు కాదు, పైన నాయకులు మాత్రం కూర్చుని రాజీపడేవారు. 1960 దశకంలో యీ స్తంభాలు బీటలు వారాయి. పైవాళ్ళంతా ఒకటే, మన గోడు వినేవాడు లేడు అనే మాట అప్పుడే గట్టిగా వినిపించసాగింది. పేపర్లవాళ్ళు పాపులిస్టులనే జనాకర్షక పార్టీలకు పెట్టుబడి ఆ మాటే. మొదట హెండ్రిక్ కూకూక్ అనే రైతు నాయకుడు 1963లో 3 సీట్లు, 1967లో 7 సీట్లు గెలిచాడు. (కూకూక్ అంటే వాళ్ళ భాషలో కోయిల జాతి పిట్ట.) 1982లో హాన్స్ యాన్‌మాట్ వలస వచ్చినవాళ్ళమీద ద్వేషంతో ఒక్క సీటు తెచ్చుకున్నాడు. ఆయన మాట్లాడటానికి లేస్తే తతిమ్మా సభ్యులు చాలాసార్లు హాలు వదలి వెళ్ళేవారు. పెద్దపార్టీలు వీరినెవరినీ ప్రభుత్వం దరిదాపులకు రానీయలేదు.

2002లో అది మారింది. పిమ్ ఫోర్టైన్ అనే మాజీ ప్రొఫెసరు, మాటకారి, సూటూ బూటూ షోకిలా, ఇస్లాంను వెనకబడిన సంస్కృతి అని ఒక పత్రికతో అన్నాడు. అప్పటి ఆయన పార్టీ ఆయన్ను వెళ్ళగొట్టింది. తన పేరుతోనే ఇంకో పార్టీ పెట్టాడు. యెన్నికలు తొమ్మిది రోజులు వున్నాయనగా, మే 6న, ఆయన్ను కాల్చి చంపారు. చంపినవాడు ముస్లిం కాదు, జంతువుల హక్కులకోసం పనిచేసే డచ్చివాడు. ముస్లిములను బలిపశువులుగా చేస్తున్నాడు కాబట్టి చంపానని కోర్టులో చెప్పుకున్నాడు. అటువంటి కాపుదల ఆ ముస్లిములు యెవరూ అడగలేదు. ఆ హత్య వల్ల వాళ్ళకు ఒరిగింది లేకపోగా అనుమానపు చూపులు పెరిగాయి. రెండేళ్ళకు, 2004లో, థియో వాన్ గోహ్ అనే సినిమా దర్శకుణ్ణి మొరాకో సంతతి యువకుడు మతం పేరుతో చంపటంతో పరిస్థితి మరీ చెడింది.

నాయకుడు లేని ఫోర్టైన్ పార్టీకి 26 సీట్లు వచ్చాయి. క్రైస్తవ డెమొక్రాట్ల నాయకుడు బాల్కెనెండె వాళ్ళను మంత్రివర్గంలో చేర్చుకున్నాడు. చేరినవాళ్ళలో వాళ్ళ మంత్రులే ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకోలేనంతగా తగాదాపడ్డారు. ప్రభుత్వం 87 రోజులకు పడిపోయింది. మరుసటి జనవరిలో ఆ పార్టీకి మిగిలినవి 8 సీట్లు, 2006లో సున్నా.

ఆ ఖాళీలోకి వచ్చినవాడు గీర్ట్ విల్డర్స్. లిబరల్ పార్టీనుంచి 2004లో బయటికొచ్చి 2006లో పీవీవీ అనే పార్టీ పెట్టాడు. యీ పార్టీకి సభ్యుడు ఒక్కడే, ఆయనే! మహాసభలు లేవు, తీర్మానాలు లేవు. ఫోర్టైన్ పార్టీలోని కుమ్ములాటలు చూసి నేర్చుకున్న పాఠమనుకోవాలి. 2010లో 24 సీట్లు వచ్చాయి. లిబరల్ నాయకుడు మార్క్ రుట్టే, క్రైస్తవ డెమొక్రాట్లు కలిస్తే 52, విల్డర్స్ బయటినుంచి మద్దతిస్తే సరిగ్గా 76. బయటినుంచి మద్దతు అంటే యేమిటో మన పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదు. పెత్తనం వుంటుంది, బాధ్యత వుండదు. 2012 ఏప్రిల్లో ఖర్చుల కోత దగ్గర విల్డర్స్ లేచి వెళ్ళిపోయాడు, ప్రభుత్వం పడింది. అప్పటినుంచి పదేళ్ళకు పైగా రుట్టే ఆయనకు తలుపు తెరవలేదు.

అయితే తలుపు మూసినంత మాత్రాన మాట ఆగిందా? ముఖం కప్పే బుర్ఖా నిషేధించాలని 2005లో సభలో తీర్మానం తెచ్చినవాడు విల్డర్స్. బడులు, ఆస్పత్రులు, సర్కారీ ఆఫీసులు, బస్సులు రైళ్ళలో ముఖం కప్పుకోరాదనే చట్టం 2019 ఆగస్టు 1న అమలుకు వచ్చింది. అప్పుడు ఆయన ప్రతిపక్షంలో వున్నాడు. చట్టం చేసింది మర్యాదస్తుల పార్టీలే. ఇంకొకటి, పిల్లల సంరక్షణకు ఇచ్చే భత్యంలో మోసం చేశారంటూ పన్నుల శాఖ వేలాది కుటుంబాలమీద తప్పుడు అభాండం వేసి, వేల యూరోలు వెనక్కి కట్టమన్నది. రెండు దేశాల పౌరసత్వం వున్నవాళ్ళను అనుమానించటం అందులో ఒక భాగం. తుర్కీ, మొరాకో సంతతివాళ్ళు చాలామంది అప్పులపాలయ్యారు. యీ సంగతి బయటపడి 2021 జనవరిలో రుట్టే మంత్రివర్గం రాజీనామా చేసింది. ఆ మంత్రివర్గంలో జనాకర్షక పార్టీ ఒక్కటీ లేదు. ద్వేషం అరిచి చెప్పేవాడు అందరికీ కనబడతాడు, ఫైలుమీద సంతకం పెట్టేవాడు కనబడడు.

మంచివైపూ చెప్పుకోవాలి. ఫోర్టైన్ సొంత వూరుగా చెలామణి అయిన రాటర్‌డాంకు మొరాకోలో పుట్టిన ఇమాముగారి కొడుకు అహ్మద్ అబూతాలెబ్ 2009నుంచి 2024 దాకా మేయరుగా వున్నాడు. మొరాకోలోనే పుట్టిన ఖదీజా అరీబ్ 2016నుంచి 2021 దాకా కింది సభ స్పీకరు. లేబరు పార్టీలో ఇమడలేక బయటికొచ్చిన ఇద్దరు తుర్కీ సంతతి సభ్యులు పెట్టిన డెంక్ అనే పార్టీ 2017లో 3 సీట్లు గెలిచింది, అదే దామాషా లెక్కతో.

2023లో రుట్టే తప్పుకున్నాడు. ఆయన తర్వాత లిబరల్ నాయకురాలైన దిలాన్ యెషిల్‌గ్యోజ్ విల్డర్స్‌తో కలవబోమని చెప్పలేదు. ఆమె అంకారాలో పుట్టి, చిన్నతనంలో శరణార్థిగా వచ్చినావిడ కావటం విచిత్రమే. తలుపు తెరిచి వుందని తెలియగానే ఇన్నాళ్ళూ ఓటు వృథా అనుకున్నవాళ్ళు అటు మళ్ళారు. 17 సీట్ల పార్టీ 37కు పెరిగింది. కాని 37 అంటే 76 కాదు. మిగతా మూడు పార్టీలు లేకుండా గడవదు. 2024 జనవరిలో విల్డర్స్ మసీదులు, ఖురాను నిషేధించాలన్న తన బిల్లును తానే వెనక్కి తీసుకున్నాడు. ప్రధాని పదవీ దక్కలేదు, జూలైలో డిక్ స్ఖోఫ్ అనే ప్రభుత్వోద్యోగి ప్రధాని అయ్యాడు. పదకొండు నెలలకు, 2025 జూన్ 3న, శరణార్థుల విషయంలో తన మాట సాగలేదని విల్డర్స్ మళ్ళీ లేచి వెళ్ళిపోయాడు. మంత్రివర్గం కూలింది.

2025 అక్టోబరు 29న మళ్ళీ యెన్నికలు. ఆయన్ను చేర్చుకున్న పార్టీల్లో ఒకటి, 20 సీట్లది, పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. డీ66 అనే మధ్యేవాద పార్టీకి 26, విల్డర్స్‌కూ 26. ఓట్లలో డీ66దే పైచెయ్యి. పేపర్లు విల్డర్స్ ఓడాడన్నాయి. మేము మాత్రం కింద వున్న చిన్న అంకెలు కూడా కూడి చూశాం. అదే కోవకు చెందిన జేఏ21 ఒకటినుంచి తొమ్మిదికి, ఫోరం పార్టీ మూడునుంచి యేడుకు పెరిగాయి. 2023లో యీ మూడింటికీ కలిపి 41 సీట్లు. 2025లో 42.