నానమ్మని లేపితే లేచేదా?

2019లో ‘ది లయన్ కింగ్’ తెలుగులో వచ్చినప్పుడు మా పాపని తీసుకెళ్ళాం. అప్పటికి దానికి ఆరేళ్ళు. పెద్ద సింబాకి నాని గొంతు ఇచ్చాడని మా వారికి ఒకటే సరదా. పాపకి అదేం పట్టలేదు. పడిపోయిన తండ్రిని సింబా లేపుతుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంటికొచ్చాక అడిగింది, “నానమ్మని నేను లేపలేదు కదమ్మా, లేపుంటే లేచేదా?”

అత్తయ్య పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆ రోజు పాపని పక్కింట్లో ఉంచాం. నానమ్మ ఊరెళ్ళిందని చెప్పాం.

పిల్లల సినిమాల్లో ఈ ఏడుపులేమిటని ముందు నాకు కోపమే వచ్చింది. తర్వాత కూర్చుని ఆ సినిమాల చరిత్ర చదివితే, ఏడుపు మధ్యలో వచ్చి చేరింది కాదని, మొదటి సినిమాలోనే ఉందని తెలిసింది.

1937 డిసెంబరు 21న లాస్ ఏంజెలస్‌లో కార్తే సర్కిల్ థియేటర్‌లో ‘స్నో వైట్’ మొదటి ఆట వేశారు. అప్పటిదాకా కార్టూన్ అంటే అసలు సినిమాకి ముందు వేసే కాసేపటి నవ్వుల ముక్క. దాదాపు 15 లక్షల డాలర్లు పోసి గంటకు పైగా నడిచే బొమ్మల సినిమా తీస్తుంటే, వాల్ట్ డిస్నీకి పిచ్చి పట్టిందన్నారు. నవ్వించడం వాళ్ళకి వచ్చిన విద్యే. గీసిన బొమ్మ కోసం మనిషి ఏడుస్తాడా అన్నదే తేలాలి. స్నో వైట్ చుట్టూ మరుగుజ్జులు మాటల్లేకుండా నిలబడే ఘట్టాన్ని ఫ్రాంక్ థామస్ గీశాడు. బొమ్మల్ని ఎక్కువ కదపలేదు. ఎప్పుడూ చిటపటలాడే గ్రంపీ కూడా ఏడ్చేస్తాడు. హాల్లో పెద్దవాళ్ళు ఏడ్చారు.

1941లో ‘డంబో’. గొలుసులతో కట్టేసిన తల్లి ఏనుగు, ఊచల్లోంచి తొండం చాచి పిల్లని ఊపుతుంది. ఇప్పటికీ నేనది చూడలేను.

ఆ మరుసటి ఏడు ‘బాంబీ’. ఫెలిక్స్ సాల్టెన్ నవల ఆధారం. చలికాలం చివర తల్లీ పిల్లా లేత గడ్డి మేస్తుంటారు. తల్లికి ఏదో అలికిడి తెలిసి పరిగెత్తమంటుంది. తుపాకీ చప్పుడు. వేటగాడు కనపడడు, తల్లి శవమూ కనపడదు. మంచులో పిల్ల వెతుక్కుంటూ పిలుస్తుంది. తండ్రి దుప్పి వచ్చి, అమ్మ ఇక నీతో ఉండదని చెబుతాడు. అంతే, వెంటనే వసంతం, పిట్టల పాటలు!

1994లో వచ్చిన మొదటి ‘లయన్ కింగ్’ వాళ్ళు దాచలేదు. శవాన్ని చూపించారు. కూన దాన్ని లాగి, అరిచి, చివరికి తండ్రి పంజా కింద దూరి పడుకుంటుంది.

బాంబీ పద్ధతే సున్నితమని చాలాకాలం అనుకున్నాను. కానీ మేం పాపకి చేసిందీ అదే కదా. చప్పుడు మాత్రం వినిపించి, తలుపేసి, మర్నాడు స్కూలుకి పంపేశాం. నాలుగు నెలలుగా అది తనేదో చెయ్యలేదని లోపల అనుకుంటోందని మాకు తెలీదు. బాంబీకైనా తండ్రి వచ్చి ఒక్క మాట చెప్పాడు.

“లేచేది కాదమ్మా. నేనూ లేపాను, నాన్నా లేపారు,” అన్నాను. కాసేపు ఊరుకుని, “మీరు కూడా ఏడ్చారా?” అంది. ఏడ్చామన్నాను. ఆ రాత్రి నానమ్మ కళ్ళజోడు తెచ్చివ్వమని అడిగింది. బీరువాలోంచి తీసిచ్చాను.