మూసారాంబాగ్: ఒక పేరు, ఒక సమాధి

దిల్‌సుఖ్‌నగర్ నుండి మలక్‌పేట వైపు వచ్చే మెట్రో రైలు మొదట ఆగే చోటు మూసారాంబాగ్. ఆ పేరులోని మూసా ప్రవక్త మూసా (అలైహిస్సలాం) కాదు. రాం శ్రీరాముడూ కాదు. దగ్గరలోని ఆస్మాన్‌గఢ్ గుట్టమీద సమాధి అయిన ఫ్రెంచి సేనాని రేమండ్ పేరే జనం నోట నలిగి ఇలా మిగిలింది. ఫ్రెంచివారి గౌరవవాచకం ‘మొస్యూ’ దక్కనులో ‘మూసా’ అయింది. మన పెద్దలకు బుస్సీ దొర కూడా మూసా బూసీయే. రేమండ్‌ను ముస్లిములు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు.

ఇతడు 1755లో ఫ్రాన్సులోని గాస్కనీ ప్రాంతంలో జన్మించాడు. 1775లో వ్యాపారం కోసం పుదుచ్చేరికి వచ్చి, సైనికుడై మైసూరులోను, తరువాత బుస్సీ వద్దను పనిచేశాడు. 1785లో బుస్సీ మరణించాక నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. అప్పుడు వెంట ఉన్నది కొన్ని వందల మందే. పదేళ్ళు దాటేసరికి ఆ దళం సుమారు 14,000కు పెరిగింది. సిపాయిలు ఈ దేశస్థులే. పై అధికారులు మాత్రం ఫ్రెంచివారు, ఇతర ఐరోపావారు. సముద్రం లేని దక్కనులో వారిది ఒక చిన్న దీవి. నేటి గన్‌ఫౌండ్రీ వారి ఫిరంగులు పోతపోసిన ‘తోప్ కా సాంచా’. రాజును తొలగించిన విప్లవ ఫ్రాన్సు మూడురంగుల జెండా నిజాం సేనలో ఎగరడం అన్నిటికంటె వింత!

1795లో ఖర్దా వద్ద నిజాం మరాఠాల చేతిలో ఓడాడు. అదే సంవత్సరం కుమారుడు అలీజా తిరగబడితే అణచివేసింది రేమండే. అతని పలుకుబడి ఇంగ్లీషువారికి కంటగింపయింది. 1798 మార్చి 25న అతడు మరణించినప్పుడు విషప్రయోగమన్న మాట పుట్టింది, ఋజువు లేదు. సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషు కంపెనీతో సంధి చేసుకున్నాడు. అక్టోబరు 22న కిర్క్‌పాట్రిక్, మాల్కంల ఆధ్వర్యంలో ఆ దళాన్ని నిరాయుధం చేశారు. ఇందులో శౌర్యం కన్నా జీతం బకాయిల పాత్రే ఎక్కువ: సిపాయిలు అప్పటికే తమ ఫ్రెంచి అధికారులపై తిరగబడి ఉన్నారు. హైదరాబాదు స్వతంత్ర సైనికబలం దాదాపు రక్తపాతం లేకుండానే ముగిసిపోయింది.

ఆ పేరును బట్టి అతడు ఇస్లాం స్వీకరించాడని చెప్పేవారున్నారు. పేరు సాక్ష్యం కాదు. రహీం అల్లాహ్ గుణనామం. పేరు పెట్టేటప్పుడు ముందు ‘అబ్ద్’ చేర్చడం మన సంప్రదాయం. ఇక్కడ అదీ లేదు. ఇది పెట్టిన పేరు కాదు, వినికిడిలో మారిన పేరు. అయినా వర్ధంతినాడు సమాధివద్ద ఉర్సులాంటి జాతర చాలాకాలం సాగింది. ఆరవ నిజాం ఏటా అక్కడికి చుట్టల పెట్టె, బీరు సీసా పంపేవాడని ఒక కథ. నిజమైనా కాకపోయినా, వలీ సమాధికి పంపే కానుకలు కావవి.

సమాధివద్ద సుమారు 7 మీటర్ల నల్లరాతి స్తంభం, దానిమీద రెండు ఫ్రెంచి అక్షరాలు. పక్కనున్న స్తంభాల మండపం 2001 వానలకు కూలిపోగా తిరిగి కట్టారు.