పూనిక నుంచి పూనకం దాకా

ముంచింగిపుట్టు ఒడిశాను ఆనుకుని ఉన్న మన్యం మండలం. పోర్జా, గదబ, కోదు, కొటియా, బగత తెగల ఊళ్లున్న సీమ. ఇంట్లో ఎవరి మాట వాళ్లదైనా సంతలో ఆదివాసీ ఒడియా, తెలుగు కలగలిసి నడుస్తాయి. మోరీ, కిరిడి, తుడుము, డప్పు ఈ కొండల వాయిద్యాలు. ఇక్కడైనా, పాడేరు మోదకొండమ్మ జాతరలోనైనా, మైదానంలో ఏ గ్రామదేవత పండక్కైనా దరువు ఊపందుకున్నాక ఎవరో ఒకరు జుట్టు విరబోసుకుని ఊగుతారు. చుట్టూ ఉన్నవాళ్లు "పూనకం వచ్చింది" అంటూ దారి వదులుతారు.

ఈ మాట పుట్టుక చాలాకాలంగా నన్ను పట్టుకుని వదలని విషయం. పూనకానికి మూలం 'పూను' అనే పాత ద్రావిడ ధాతువు. తమిళంలో 'పూణ్' అంటే ధరించడం, నగ పెట్టుకోవడం, కాడికి కట్టుబడటం. కన్నడంలో ప్రతిన పట్టడం. తెలుగులో బండికి ఎడ్లను పూన్చడం, పనికి పూనుకోవడం, పూనిక అన్నీ ఇందులోంచే వచ్చాయి. మనిషి తెలిసి, కోరి, పట్టుబట్టి చేసే పనికి ఏ ధాతువో, ఒళ్లు తెలియకుండా చేసే పనికీ అదే ధాతువు! మారింది కర్త ఒక్కటే. పూనుకున్నప్పుడు మనిషి పనిని తలకెత్తుకుంటాడు. పూనకంలో దేవత మనిషిని ధరిస్తుంది. "అమ్మోరు పూనింది" అనే వాక్యంలో కర్త అమ్మోరే.

తెలుగు వ్యాకరణమూ ఇదే దారిలో నడుస్తుంది. మన ప్రమేయం లేనిచోట 'నేను' తప్పుకుని 'నాకు' వస్తుంది: నాకు తుమ్ము వచ్చింది, ఆవలింత వచ్చింది, పొలమారింది, పూనకం వచ్చింది. ఒడియాలోనూ నిద్ర 'నాకు' తగులుతుందే తప్ప 'నేను' నిద్రను తెచ్చుకోను. ద్రావిడ, ఆర్య భాషలు రెండింటా ఉన్న ఈ పోలికను భాషావేత్త కాలిన్ మసీకా 1976లో దక్షిణాసియా భాషల ఉమ్మడి లక్షణాల్లో ఒకటిగా చర్చించారు. రెండు కుటుంబాల భాషలూ ఒకే సంతలో వినబడే ముంచింగిపుట్టు వంటి చోట ఇది పుస్తకం తెరవకుండానే తెలుస్తుంది.

వ్యాకరణం నుంచి మర్యాదకు వద్దాం. పూనినామె ఇంటి కోడలే కావచ్చు. ఆ కాసేపు అత్తగారే చేతులు జోడించి "ఎవరు తల్లీ నువ్వు? ఏం కావాలమ్మా?" అని అడుగుతుంది. వేపమండలు, పసుపు నీళ్లు, హారతి అందిస్తారు. అప్పుడన్న మాటలను తర్వాత ఆమె మీద మోపరు. రోజంతా నోరు మెదపలేని మనిషికి ఊరు ఇచ్చిన ఈ వెసులుబాటును మూఢనమ్మకమని ఒక్క మాటతో కొట్టిపారేయడం నాకు అన్యాయమనిపిస్తుంది.

తూర్పు కనుమల్లో ఈ పూనకం ఇంకా లోతుగా సాగింది. సవర తెగలో చనిపోయినవాళ్లు పూజారిణి నోట పలికేవారు. బంధువులు చుట్టూ కూర్చుని వాళ్లతో వాదించేవారు, ఏడ్చేవారు, లెక్కలు తేల్చుకునేవారు. మానవశాస్త్రవేత్తలు వెరియర్ ఎల్విన్ 1955లో, పియర్స్ విటెబ్‌స్కీ 1993లో ఈ సవర సంప్రదాయంపై పెద్ద గ్రంథాలే వెలువరించారు. అటు బస్తర్‌లో గురుమాయిలనే గాయనులు కుండ మీద చేట, చేట మీద విల్లు పెట్టి, పుల్లతో గీస్తూ రాత్రుళ్లు కథాగానం చేస్తుంటే వినేవాళ్లకు దేవత వస్తుంది.

తెలంగాణలో శివసత్తులనే దేవతా భక్తులు శిగమూగుతారు, అంటే పూనకంతో ఊగుతారు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి ఆలయంలో బోనాల మర్నాడు పచ్చికుండ మీద నిలబడి చెప్పే భవిష్యవాణిని 'రంగం' అంటారు. శివమెత్తడం, ఒంటి మీదికి రావడం అనే మాటలూ ఉన్నాయి.

పూనకం మన ఒక్కరిదే కాదు. మానవశాస్త్రవేత్త ఎరికా బూర్గిన్యాన్ 488 సమాజాల వివరాలు పరిశీలించి, దాదాపు 90 శాతంలో ఏదో ఒక రూపంలో ఒళ్లు మరిచే స్థితికి ఆచారంగా చోటు ఉందని 1973లో ప్రకటించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక పదో కూర్పులో పూనకానికి ఎఫ్ 44.3 అనే సంకేతం ఇచ్చారు. అయితే మనిషి కోరకుండా, మతాచారానికి వెలుపల వచ్చినదాన్నే జబ్బుగా లెక్కించమన్నారు. అంటే జాతరలో ఊగే మనిషి రోగి కాదు. పండగా, దరువూ ఏమీ లేకుండా ఇంట్లో పదేపదే పడిపోతూ, దాని మూలంగా తిండికీ పనికీ దూరమవుతున్న మనిషిని మాత్రం ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

2023 సంక్రాంతికి వచ్చిన 'వాల్తేరు వీరయ్య'లోని 'పూనకాలు లోడింగ్' పాటతో ఈ మాట కుర్రాళ్ల నోట కొత్తగా ఊరేగింది. హీరో తెర మీదికి రాగానే అభిమానులకు పూనకాలే అంటున్నారు. దేవత స్థానంలోకి హీరో వచ్చాడు గాని, 'అభిమానులకు'లోని ఆ 'కు' మాత్రం కదల్లేదు.