నెలకో గడి, ఏడాదికో బొంత: మహిళా బృందంలో నడుపుకునే పద్ధతి, లెక్కలు, జాగ్రత్తలు

పాత చీరలు, లుంగీలు, టైలర్ షాపులో మిగిలిన ముక్కలు కలిపి బొంత కుట్టడం తెలుగు ముస్లిం ఇళ్లకి కొత్తేమీ కాదు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో దీన్నే గోదడీ అంటారు. కానీ ఒక్కరే కూర్చుని మొత్తం కుట్టాలంటే చాలాసార్లు పని సగంలో ఆగిపోతుంది. ముక్కలు మూటలో కట్టి అటక మీద పెడతారు, తర్వాత ఆ మూట మళ్లీ దిగదు.

దీనికి అమెరికాలో బొంతలు కుట్టే మహిళల సంఘాలు ఒక దారి చూపించాయి. దాని పేరు 'బ్లాక్ ఆఫ్ ది మంత్'. అంటే నెలకి ఒక్క గడి కుట్టడం. అందరికీ ఒకే కొలత, ఒకే నమూనా. 12 నెలలకి 12 గడులు, వాటిని కలిపితే ఒక బొంత. అక్కడ ఈ అలవాటుకి పత్రికలు కూడా సాయపడ్డాయి. 'కాన్సాస్ సిటీ స్టార్' పత్రిక 1928 నుంచి 1961 దాకా బొంత నమూనాలు అచ్చువేసింది. ఆడవాళ్లు వాటిని కత్తిరించి దాచుకునేవారు.

అక్కుపల్లి లాంటి ఉద్దానం తీర గ్రామాల్లో ఇది నడపడానికి కొత్త సంఘం పెట్టాల్సిన పని లేదు. నెలనెలా కూర్చునే పొదుపు సంఘాల అలవాటు ఊరూరా ఉంది. పది, పన్నెండు మంది ఉంటే చాలు.

మన దగ్గర ఈ పని ఎవరిది

తెలుగు ముస్లింలలో దూదేకుల, నూర్ బాషా కుటుంబాల వృత్తే ఇది. విల్లు నారితో దూది ఏకి, పరుపులు, బొంతలు కుట్టి ఇచ్చేవారు. మిల్లులు, ఫోమ్ పరుపులు వచ్చాక ఆ పని బాగా తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో వీరు బీసీ-బి జాబితాలో ఉన్నారు. బుర్రకథకి పేరు తెచ్చిన షేక్ నాజర్ ఈ కుటుంబాల నుంచి వచ్చినవారే. ఆయన జీవిత కథ పేరే 'పింజారి'. ఇక శ్రీకాకుళం జిల్లాలోనే పొందూరు ఖాదీ ఉంది. అక్కడ పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడను వాడతారు. కాబట్టి దూది, దారం ఈ జిల్లాకి పరాయివి కావు.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ మహిళలు కుట్టే 'కవంది' కూడా చూడదగ్గదే. ముస్లిం, క్రైస్తవ, హిందూ సిద్దీలు ముగ్గురూ దీన్ని కుడతారు. అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకి వస్తారు. మూలల్లో కుట్టే చిన్న ముక్కలను 'ఫూలా' అంటారు, అంటే పువ్వు. సింధ్, రాజస్థాన్ వైపు 'రల్లీ', బెంగాల్‌లో 'కాంథా' ఇదే కుటుంబానికి చెందినవి.

మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

ఒకటి, గడులు ఎవరివి? సులువైన పద్ధతిలో ఎవరు కుట్టిన గడులు వారికే. ఏడాది చివర ప్రతి ఇంటికి ఒక బొంత. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇదే మంచిది.

రెండు, బాధ్యతలు. ఒకరు నమూనా ముందుగా కుట్టి చూడాలి. ఇంకొకరు గుడ్డ కొని, కత్తిరించి, పొట్లాలు కట్టాలి. మూడో ఆమె డబ్బు లెక్క రాయాలి. ఈ మూడు పనులూ ఒకరి నెత్తిన పెడితే నాలుగో నెలకే విసుగు వస్తుంది.

మూడు, నెల. ఉద్దానంలో అక్టోబరు అంటే తుఫాను భయం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. ఇంట్లోకి నీళ్లొస్తే ముందు తడిసేది పరుపులు, దుప్పట్లే. అందుకని సెప్టెంబరు నాటికి బొంత పూర్తయ్యేలా లెక్క వేసుకోవడం మంచిది. రంజాన్ నెల ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది కనుక, ఆ ఏడాది అది ఎప్పుడొస్తుందో చూసి ఆ నెలకి అన్నిటికంటే తేలిక గడి పెట్టాలి. జీడిపప్పు పని చేసే ఆడవాళ్లు ఉంటే సీజన్ నెలల్లో కూడా అంతే. జీడి గింజ పెంకు నూనె చేతికి అంటితే మరక పడుతుంది. ఆ రోజుల్లో తెల్ల గుడ్డ పని పెట్టకూడదు.

కొలతల లెక్క

గడి పూర్తయ్యాక 12 అంగుళాలు ఉండాలి. కుట్టి చేతికిచ్చేటప్పుడు పన్నెండున్నర ఉండాలి, ఎందుకంటే చుట్టూ పావు అంగుళం కుట్టులోకి పోతుంది.

అడ్డంగా 3, నిలువుగా 4 గడులు పెడతారు. గడుల మధ్య, చుట్టూ 2 అంగుళాల పట్టీ వస్తే వెడల్పు 44, పొడవు 58 అంగుళాలు. దాని చుట్టూ 6 అంగుళాల అంచు వేస్తే 56, 70 అవుతుంది. పిల్లలకి కప్పడానికి, ఒక మనిషి కాళ్ల మీద వేసుకోవడానికి సరిపోతుంది.

వెనక గుడ్డ నాలుగు వైపులా 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే 64, 78. మామూలు చీర ఐదున్నర మీటర్లు, అంటే దాదాపు 216 అంగుళాలు. 78 అంగుళాల ముక్కలు రెండు తీస్తే 156. పక్కపక్కన కలిపి కుడితే వెడల్పు 64 దాటుతుంది, మిగిలింది కత్తిరించొచ్చు. అంటే ఒక పాత నూలు చీర వెనక్కి చాలు. మధ్యలో రెండు పొరలు వేయాలంటే మరో రెండు చీరలు.

కుట్టు తేడా వస్తే ఏమవుతుంది

కొత్తవారు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. తొమ్మిది గళ్ల గడిలో అడ్డంగా రెండు కుట్లుంటాయి. పావు అంగుళం బదులు అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ లోపలికి కుడితే, ఒక్కో కుట్టు దగ్గర రెండు వైపులా కలిపి పావు అంగుళం తగ్గుతుంది. రెండు కుట్లకి అర అంగుళం. పన్నెండున్నర కాస్తా 12 అయిపోతుంది. ఒకరి గడి 12, ఇంకొకరిది పన్నెండున్నర ఉంటే కలిపినప్పుడు ముడతలు పడతాయి.

దీనికి చిన్న పరీక్ష ఉంది. 2 అంగుళాల వెడల్పు పట్టీలు మూడు తీసుకుని పక్కపక్కన కుట్టాలి. బయటి అంచు నుంచి అంచుకి సరిగ్గా 5 అంగుళాలు రావాలి. తక్కువ వస్తే కుట్టు లోపలికి పోయింది, ఎక్కువ వస్తే అంచుకి దగ్గరగా పడింది. మొదటి సమావేశంలో అందరితో ఇది చేయిస్తే ఏడాది తలనొప్పి తప్పుతుంది.

పన్నెండు నెలల క్రమం

తేలిక నుంచి కష్టానికి వెళ్లాలి.

మొదటి నెల నాలుగు గళ్లు. ఆరున్నర అంగుళాల ముక్కలు నాలుగు.

రెండో నెల తొమ్మిది గళ్లు. నాలుగున్నర అంగుళాల ముక్కలు తొమ్మిది. 44 అంగుళాల వెడల్పు గుడ్డలో నాలుగున్నర అంగుళాల పట్టీ ఒకటి తీస్తే తొమ్మిది ముక్కలు వస్తాయి.

మూడో నెల కంచె. రెండున్నర వెడల్పు, ఆరున్నర పొడవు పట్టీలు పన్నెండు. మూడేసి కలిపి నాలుగు చదరాలు చేసి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెట్టాలి.

నాలుగో నెల గాలిమర. 7 అంగుళాల చదరాలు లేత రంగువి రెండు, ముదురువి రెండు. ఒక్కో జత మీదమీద పెట్టి, మూల నుంచి మూలకి గీత గీసి, గీతకి రెండు పక్కలా పావు అంగుళం దూరంలో కుట్టి, గీత మీద కోస్తే రెండు ముక్కలొస్తాయి. వాటిని ఆరున్నరకి సరిచేయాలి.

ఐదో నెల నక్షత్రం. మధ్యలో, మూలల్లో నాలుగున్నర ముక్కలు ఐదు. మిగతా నాలుగూ పై నెలలో చేసిన త్రికోణాల జతలే, కాకపోతే 5 అంగుళాల చదరాలతో మొదలుపెట్టి నాలుగున్నరకి సరిచేయాలి.

ఆరో నెల దుంగల ఇల్లు. మధ్యలో నాలుగున్నర ముక్క, దాని చుట్టూ రెండున్నర పట్టీలు రెండు చుట్లు. ఇందులో అడ్డంగా నాలుగు కుట్లుంటాయి, కాబట్టి పై పరీక్ష మళ్లీ చేసుకోవాలి.

ఏడు నుంచి పది నెలలకి ఇవే రంగులు మార్చి, దిక్కులు మార్చి కుట్టొచ్చు. ఎనిమిది మొనల నక్షత్రం పదో నెలకి వదిలేయాలి, అది కొంచెం చేయి తిరగాలి. పదకొండో నెల ఎవరికి నచ్చిన రూపం వారు, నెలవంక గానీ, పువ్వు గానీ గుడ్డ మీద అతికించి కుట్టొచ్చు. పన్నెండో నెల కొత్త గడి లేకుండా, వెనకబడినవారు అందుకోవడానికి వదిలేస్తే మంచిది. అప్పుడు ప్రతి ఒక్కరూ తేలిక గడి ఏదైనా ఒకటి రెండోసారి కుట్టి 12 పూర్తి చేసుకోవచ్చు.

డబ్బు లెక్క

బొంత డబ్బు, పొదుపు డబ్బు ఒకే పుస్తకంలో కలపకూడదు. వేరే నోటుబుక్కు పెట్టాలి. అందులో తేదీ, వచ్చిన డబ్బు, దేనికి ఖర్చు, మిగిలింది అనే నాలుగు గళ్లు చాలు. బిల్లులు అందులోనే అంటించాలి. ప్రతి సమావేశంలో మిగిలిన మొత్తం పైకి చదవాలి.

ఉదాహరణకి 12 మంది నెలకి 50 రూపాయలు వేస్తే నెలకి 600, ఏడాదికి 7,200. ఈ మొత్తం తేలాక గుడ్డ కొనాలి గానీ, గుడ్డ కొన్నాక డబ్బు వసూలు చేయకూడదు. మధ్యలో ఎవరైనా మానేస్తే, అప్పటికి అందుకున్న పొట్లాల ఖర్చు తీసేసి మిగతాది తిరిగి ఇవ్వాలి. ఈ మాట మొదటి రోజే రాసి సంతకాలు తీసుకుంటే తర్వాత మాట పడదు. ఆలస్యమైతే జరిమానా వేసే బదులు, పాత గడి చూపించాకే కొత్త పొట్లం ఇచ్చే నియమం పెట్టుకోవడం మేలు.

చీటీ, లాటరీ, మన హద్దులు

చాలా విదేశీ సంఘాల్లో ఇంకో అలవాటు ఉంది. అందరూ ఒక్కో గడి కుట్టి తెస్తారు, చీటీ తీస్తారు, పేరు వచ్చినామెకి గడులన్నీ పోతాయి. మిగిలినవారికి ఏమీ రాదు. నిధుల కోసం కుట్టిన బొంతకి కూపన్లు అమ్మి లక్కీ డ్రా తీయడం కూడా అక్కడ మామూలే. ఇక్కడే ముస్లిం కుటుంబాలు ఆగి ఆలోచించాలి. డబ్బు గానీ వస్తువు గానీ పెట్టి, అదృష్టం మీద ఒకరు మొత్తం తీసుకుని మిగిలినవారు నష్టపోయే పద్ధతి జూదం కిందకి వస్తుంది. సూరా మాయిదా 90వ ఆయతులో దీన్ని నిషేధించారు.

దీనికి బదులు వంతుల పద్ధతి ఉంది. 12 మంది, 12 నెలలు. ప్రతి నెలా అందరూ కుట్టిన గడులు ఒకరికి ఇస్తారు. ఏడాది తిరిగేసరికి ప్రతి ఒక్కరికీ 12 గడులు. ఎవరి వంతు ముందు అనేది మాత్రమే చీటీతో తేల్చుకుంటారు. ఇళ్లలో వేసుకునే కమిటీ లాంటిదే ఇది. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ప్రయాణానికి వెళ్లేటప్పుడు వెంట ఏ భార్య రావాలో చీటీతో తేల్చేవారని సహీహ్ బుఖారీలో ఉంది. వరస తేల్చుకోవడం వేరు, పందెం కాయడం వేరు. అయితే వంతుల పద్ధతిలో ముందు తీసుకున్నామె చివరిదాకా కుట్టి ఇవ్వాలి, అది ఆమె మీద అప్పు. ఏ సందేహమున్నా ఊళ్లో ఇమామ్ సాబ్‌ని గానీ, ముఫ్తీ గారిని గానీ అడిగి మొదలుపెట్టాలి. బొంత అమ్మి నిధులు కావాలంటే కూపన్ల బదులు నేరుగా ధర చెప్పి అమ్మడమో, వేలం వేయడమో చేయొచ్చు.

గుడ్డ, సూది జాగ్రత్తలు

పాత చీరని వెలుతురుకి పట్టి చూడాలి. దారాలు పలచబడి వెలుగు కనిపించే చోటు వాడకూడదు. కొత్త గుడ్డని ముందే ఉతికి ఆరేయాలి, లేకపోతే బొంత ఉతికాక అక్కడక్కడా ముడుచుకుంటుంది. ఎరుపు, ముదురు నీలం గుడ్డలు రంగు పోతాయో లేదో వేడి నీళ్లలో తెల్ల గుడ్డతో కలిపి నానబెట్టి చూడాలి. నూలు, పాలిస్టర్ ఒకే గడిలో కలపొద్దు. సముద్రపు గాలికి సూదులు త్వరగా తుప్పు పడతాయి, తుప్పు సూది గుడ్డ మీద మరక చేస్తుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పొడిగా పెట్టాలి. చిన్న పిల్లలున్న ఇంట్లో సమావేశం అయిపోగానే సూదులు లెక్కపెట్టడం మరిచిపోవద్దు.

పూర్తయ్యాక

గడులు కలిపి, వెనక చీర, మధ్య పొరలు పరిచి, నలుగురు కూర్చుని ఒకేసారి నడిమి కుట్టు వేస్తే ఒక బొంత తొందరగా అయిపోతుంది. ఒక మూల లోపలి వైపు కుట్టినామె పేరు, సంవత్సరం దారంతో రాయడం మంచి అలవాటు. చాలా సంఘాలు తమవి కాక ఇంకొకటి కలిసి కుట్టి దానం చేస్తాయి. బిడ్డ పుట్టిన పేద ఇంటికి గానీ, తుఫాను షెల్టర్‌లో రాత్రి గడిపే ముసలివాళ్లకి గానీ అది వెళ్తే, ఆ ఏడాది కుట్టిన వాటన్నిటిలో ఎక్కువ పనికొచ్చిన బొంత అదే అవుతుంది, ఇన్షా అల్లాహ్.