మోహిని సీతమ్మ అయిన కథ

భద్రాచలం వెళ్ళినవాళ్ళు రాములవారి దర్శనమయ్యాక, వీలుంటే ఓ ముప్ఫయ్యయిదు కిలోమీటర్లు ప్రయాణం చేసి పర్ణశాల కూడా చూసి వస్తారు. సీతమ్మ నారచీరలు ఆరేసుకున్న చోటని అక్కడ వాగు ఒడ్డున రాళ్ళమీది చారలు చూపిస్తారు. గుళ్ళో గబగబా దణ్ణం పెట్టుకుని బయటపడే ఆడవాళ్ళు కూడా ఆ రాళ్ళ దగ్గర కాసేపు ఆగుతారు. ఉతకడం, ఆరేయడం తెలిసిన చేతులు కదా మరి!

అయితే అది మొదటి అరణ్యవాసం. పక్కన భర్త ఉన్నాడు, మరిది ఉన్నాడు. రెండోసారి సీతమ్మ అడవికి వెళ్ళింది గర్భిణిగా, ఒంటరిగా. ఆ రెండో అడవిని మన కళ్ళకి కట్టింది 1963లో వచ్చిన ‘లవకుశ’. మా అమ్మ తరానికి సీత అంటే అందులోని అంజలీదేవే. ఆవిడ ఎదురుపడితే పల్లెటూరి ఆడవాళ్ళు నిజం సీతమ్మే వచ్చిందనుకుని మొక్కేవారట.

అలా మొక్కించుకున్న మనిషి తెరమీద మొదట పేరు తెచ్చుకున్నది ఏ వేషంతోనో తెలుసా? పరాయి ఆడదాని మొగుణ్ణి వలలో వేసుకోవాలని చూసే మోహినిగా!

ఆవిడ అసలు పేరు అంజనీకుమారి. 1927లో పెద్దాపురంలో పుట్టింది. చిన్నతనం నుంచీ నాటకాలే లోకం. భర్త ఆదినారాయణరావు కూడా కాకినాడ నాటకాలవాడే, సంగీతం ఆయన సొత్తు. ఎల్.వి. ప్రసాద్ ‘కష్టజీవి’లో కథానాయికగా అవకాశం వచ్చింది గానీ, కొన్ని రీళ్ళు తీశాక ఆ సినిమా ఆగిపోయింది. ఆడపిల్ల నాటకాల్లో ఆడితేనే నలుగురూ నాలుగు మాటలనే రోజుల్లో, చేతికందిన సినిమా కూడా జారిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అప్పుడు సి. పుల్లయ్యగారు ‘గొల్లభామ’లో మోహిని వేషమిచ్చారు. అంజనిని అంజలిగా మార్చిందీ ఆయనే. 1947లో ఆ సినిమా విడుదలయ్యాక జనం కథానాయిక కృష్ణవేణితోపాటు ఈ కొత్త పిల్లనీ గుర్తుపెట్టుకున్నారు. ఇక వరసగా అలాంటివే. 1949లో ‘కీలుగుర్రం’లో ఏకంగా రాక్షసి! మంచి ఇల్లాలి వేషాలు ఒకళ్ళకీ, వగలాడి వేషాలు మరొకళ్ళకీ రాసిపెట్టినట్టు పంచేయడం మన సినిమావాళ్ళకి అలవాటే. అంజలి ఆ గీత దాటింది. భర్తతో కలిసి సొంతంగా సినిమాలు తీసింది, ‘అనార్కలి’, ‘సువర్ణసుందరి’ ఆడించింది.

‘లవకుశ’ మొదలుపెట్టిందీ పుల్లయ్యగారే. 1934లో ఒకసారి అదే కథ తీసి, శ్రీరంజని చేత సీత వేయించి జనాన్ని ఏడిపించిన మనిషాయన. రెండోసారి రంగుల్లో తీస్తూ, సీత కోసం తన మోహిని దగ్గరికే వెళ్ళారు. సినిమా నడుమ డబ్బుల్లేక ఏళ్ళ తరబడి ఆగింది, చివరికి కొడుకు సి.ఎస్. రావు పూర్తి చేశారు. తెరమీదికి వచ్చేసరికి అంజలికి ముప్ఫయ్యయిదేళ్ళు. జనం బళ్ళు కట్టుకుని మరీ వచ్చారు. ఆ బళ్ళు దిగిన ఆడవాళ్ళలో ఒకప్పుడు మోహినిని తిట్టుకుంటూ ఇంటికెళ్ళినవాళ్ళు ఎందరున్నారో!