పాడినవారి పేర్లు

బస్సు పాపనాశం దాటింది. కుంభకోణంలో ఎక్కినప్పటి నుంచీ డ్రైవరు నెత్తిమీది స్పీకరు ఆగలేదు. కిటికీలోంచి వరిచేల గాలి. రీతిగౌళలో ఒక గొంతు లేవగానే వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను. బాలమురళీకృష్ణ! 1977లో వచ్చిన 'కవిక్కుయిల్' పాట, బాణీ ఇళయరాజాది. కోనసీమ శంకరగుప్తంలో పుట్టిన గొంతును కావేరి పొలాల మధ్య వింటున్నాను. ముందు సీట్లో పెద్దాయన మోకాలి మీద తాళం వేస్తున్నాడు. తమిళం నాకు సగమే అర్థమవుతుంది. ఆయన వేలి వెంటే నా వేలూ కదులుతోంది.

తంజావూరులో దిగేసరికి నాలుగున్నర. ఇక్కడ బృహదీశ్వరాలయం అని ఎవరూ అనరు, 'పెరియ కోవిల్', పెద్ద గుడి. చెప్పులు విడిచి కేరళాంతకన్ వాకిలి, ఆ వెనక రాజరాజన్ వాకిలి దాటాను. రాతిపరుపు ఇంకా కాలుతోంది. అందరితోపాటు పీచు పట్టా మీద గబగబా నడిచాను.

తల ఎత్తితే గర్భగుడి మీది విమానం, 216 అడుగులు. చుట్టూ ఉన్నది కావేరి తెచ్చిపోసిన ఒండ్రు నేల, రాయి పుట్టని చోటు. ఇంత నల్లరాయినీ ఎక్కడెక్కడి నుంచో మోసుకొచ్చి 1010 నాటికి రాజరాజ చోళుడు గుడి పూర్తిచేశాడు. గుడిది తూర్పు ముఖం. సాయంత్రం ఎదురుగా నిలబడితే సూర్యుడు విమానం వెనక ఉంటాడు, ఫొటోలో నల్లటి ఆకారమే మిగులుతుంది. అందుకని ప్రాకారం వెంబడి నైరుతి మూలకు నడిచాను. అక్కడి నుంచి పడమటి ముఖం తేనెరంగులో వెలుగుతోంది. లెన్సు ఎంత వెడల్పుకు తిప్పినా శిఖరమో, పీఠమో ఒకటి తెగిపోతోంది. మోకాళ్ల మీద కూర్చుని, కెమెరా నేలకు ఆనించి తీశాను. వచ్చింది.

లేస్తూ గోడకు చెయ్యి ఆనిస్తే వేళ్లకు అక్షరాలు తగిలాయి. పీఠం పొడవునా తమిళ శాసనాలే. దానాలూ నగలూ దీపాలూ అన్నీ లెక్కరాసిన గుడి ఇది. నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది మాత్రం ఆ లెక్కల్లోని మనుషులే. తిరుప్పదియం అనే శివస్తుతులు పాడడానికి 48 మంది, వాయించడానికి ఇద్దరు, ఒక్కొక్కరికి రోజుకు ఆనాటి కొలతలో మూడు కురుణుల వడ్లు. గుడిలో ఆడడానికి 400 మంది స్త్రీలు. ఎవరు ఏ ఊరి గుడి నుంచి వచ్చారో, ఏ వీధిలో ఏ వరసలో ఎన్నో ఇల్లో కూడా చెక్కించాడు. విజయాలను రాయించుకున్న రాజులు చాలామంది ఉన్నారు. పాడినవారి పేర్లు, ఆడినవారి చిరునామాలు రాయించినందుకు నాకు ఈ రాజు మీద ప్రేమ.

జనం ఒక్కసారిగా నంది మండపం వైపు కదిలారు. ఇవాళ ప్రదోషం, నందికి అభిషేకం. నాయక రాజుల కాలం నాటి ఆ మహానంది వీపు మీదుగా పాలు ధారకట్టాయి, తర్వాత పసుపు, చందనం. తుంపర లెన్సు మీద పడితే చీర కొంగుతో తుడుచుకున్నాను. మైకు ముందు ఓదువార్, గుడి గాయకుడు, కళ్లు మూసుకుని తేవారం స్తుతి అందుకున్నారు. నా పక్కన చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి పెదవులు ఆయనతోపాటే కదులుతున్నాయి. ఆ పెదవుల్ని ఫొటో తీశాను.

బయటికి వచ్చేసరికి చీకటి పడింది. వాకిట్లో పూలమ్మే ఆమె బుట్ట పక్కన చిన్న రేడియో.

"ఎత్తన మొళం, మా?" ఎన్ని మూరలని అడిగింది.

"రెండు," అన్నాను. తమిళంలోనూ రెండు రెండే!

ఆమె మోచేతి నుంచి వేలి చివరిదాకా మల్లెలు కొలుస్తుంటే రేడియోలో సుశీల గొంతు. 1968 నాటి 'ఉయర్ంద మనిదన్' పాట, ఆమెకు జాతీయ పురస్కారం తెచ్చిన పాట. ఉత్తమ గాయని పురస్కారం మొదలైన ఏడాదే అది.

"సుశీలమ్మది మా వైపే, విజయనగరం," అన్నాను వచ్చీరాని తమిళంలో.

"అప్పిడియా!" ఆమె మొహం విప్పారింది. రెండు మూరలయ్యాక ఇంకో జానెడు వదిలి తెంపింది. కెమెరా చూసి కొప్పు సర్దుకుంది. రెండు ఫొటోలు తీశాను, మల్లెలు కొలిచే చెయ్యి ఒకటి, నవ్వు ఒకటి. తెరమీద చూపిస్తే చాలాసేపు చూసుకుని, కింద తన పేరు రాయమంది.

నోటుబుక్కు తీశాను. ఆమె ఒక్కో అక్షరం విడదీసి చెబుతుంటే తెలుగులో రాసుకున్నాను.